చిటికి కట్టిన కోడి

ఆ రోజుల్లో నేను అచ్చులో ఉన్నదల్లా నిజమని నమ్మేదాన్ని. ఇప్పుడు నమ్మనని కాదు, నమ్మేముందు ఒకసారి మా అవ్వ ముఖం గుర్తు చేసుకుంటాను. అప్పట్లో ఆ అలవాటు కూడా లేదు. దుకాణం నుంచి బెల్లం చుట్టుకొచ్చిన కాగితాన్ని సైతం విప్పి, చీమలు దులిపి, మోకాలి మీద పెట్టి సాపు చేసి చదివేదాన్ని. సగం కథ ఉన్న కాగితం దొరికితే, మిగతా సగం వస్తుందేమోనని ఇంట్లో ఉన్న చింతపండు చాలదని అమ్మతో పోట్లాడి మళ్లీ తెప్పించేదాన్ని. (ఆ సగం ఎన్నడూ రాలేదు. ఆ కథల్లోని మనుషులు చాలామంది నా తలలో ఇంకా సగం దారిలోనే నిలబడి ఉన్నారు.) అచ్చులో లేని మనుషులతో, అంటే ఊపిరి పీల్చే మనుషులతో మాట్లాడటం మాత్రం నాకు చేతనయ్యేది కాదు. ఇంటికి ఎవరైనా వస్తే చాలు, ఖాళీగా ఉన్న రెండో మగ్గం గుంటలో దిగి కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు "పిల్ల ఏదీ?" అంటే మా అవ్వ ఏ మొహమాటమూ లేకుండా "గుంటల ఉన్నది" అనేది. కొత్తవాళ్లు ఒక్క క్షణం భయపడేవాళ్లు.

మాది నల్లగొండ జిల్లాలో, చౌటుప్పల్ నుంచి లోపలికి కాలినడకన పోవలసిన ఊరు. మా వాడకట్టంతా చిటికి పని. బట్ట నేసినాక దానిమీద పువ్వు వేయడం కాదు మా పని, నూలుగా ఉన్నప్పుడే పువ్వు వేయడం. నూలును చట్రానికి లాగి, రంగు ఎక్కకూడని చోటల్లా దారంతోనో సైకిలు ట్యూబు పట్టీలతోనో గట్టిగా చుట్టి కడతారు. తర్వాత రంగులో ముంచితే కట్టని చోట రంగు పడుతుంది, కట్టిన చోట తెల్లగా మిగులుతుంది. కట్టడం బాపు పని. రంగు ఆరినాక కట్లు విప్పడం ఆడవాళ్ల పని. మధ్యాహ్నాలు మా అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చేరి విప్పుతూ కూర్చునేవాళ్లు. వేళ్లు ముడి మీద ఉండేవి, నోరు ఊరి మీద ఉండేది. వేళ్లకు పని దొరికితే నోరు దానంతట అదే తెరుచుకోవడం ఆ పనితో వచ్చే రోగం. ఆ గుంపులో కూర్చున్నప్పుడు నేను కూడా గలగలా మాట్లాడేదాన్నని అమ్మ అనేది. నేను నమ్మలేదు. అది అచ్చులో లేదు మరి.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు మా ఊరికి బ్లాకమ్మ వచ్చింది. అసలు పేరు, హోదా వేరే ఉండేవి, అవి చాలా పొడుగు. బ్లాకు ఆఫీసు నుంచి ఊళ్లోని ఆడవాళ్లను అభివృద్ధి చేయడానికి జీపులో వచ్చేది కాబట్టి అందరం బ్లాకమ్మ అనేవాళ్లం. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, ముప్పై అయిదు దాటి ఉంటాయి, నల్లని కళ్లద్దాలు, చంకలో ఎప్పుడూ రిజిస్టరు. ఆమె వచ్చిన ఏడాదిలో మా వాడకట్టుకు పొగ రాని పొయ్యిలు వచ్చాయి, డబ్బాల్లో పాలపొడి వచ్చింది, మహిళా మండలి వచ్చింది, చివరికి తెల్ల కోళ్లు వచ్చాయి. మాకు వచ్చింది పుంజు. సున్నం వేసిన గోడలా తెల్లగా ఉండేది, రెండు కోళ్ల తిండి తినేది, కూయవలసిన పొద్దున పడుకుని మిట్టమధ్యాహ్నం కూసేది. మా అవ్వ దాన్ని చూసి "ఇది సర్కారు నౌకరి చేసిన కోడేనే, యాల్ల తెల్వదు" అనేది. బ్లాకమ్మ మాత్రం రిజిస్టరులో దాని బరువు రాసుకుని, పెట్టలు గుడ్లకు ఉంచుకుని పుంజులను పండక్కి వండుకోవచ్చని అనుమతి ఇచ్చింది.

ఆమె తెచ్చిన వాటిలో నాకు పనికొచ్చింది ఒక్కటే, ఒక దరఖాస్తు కాగితం. పట్నంలో ఆరు నెలల శిక్షణ. పూర్తి చేసినవాళ్లకు బాలవాడిలో పంతులమ్మ ఉద్యోగం. శిక్షణ స్థలంలో పుస్తకాల గది ఉందని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆ ఒక్క పంక్తిని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఆ గది దొరకకపోతే నా జన్మంతా కండెలు చుడుతూ బెల్లం కాగితాలు చదువుకోవాలి. బాపు అడ్డు చెప్పలేదు, "ఆ అమ్మ సంతకం వెడితే పో బిడ్డా" అన్నాడు. నా చదువు సరిపోయింది, వయసు సరిపోయింది. కాగితం చివర మాత్రం ఒక గడి ఉంది: 'అభ్యర్థిని నలుగురిలో నిలబడి మాట్లాడగలదా? అవును, కాదు.' దాన్ని ఆఫీసరమ్మే నింపాలి.

"అమ్మాయ్, నీ గొంతు నేనింతవరకూ వినలేదు" అంది బ్లాకమ్మ, మగ్గం గుంట అంచు మీదికి వంగి. "వినకుండా అవునని ఎలా రాసేదమ్మా? రేపు అబద్ధమైతే నా ఉద్యోగానికి మాటొస్తుంది."

నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

అప్పుడే ఆమెకు ఆలోచన వచ్చింది. దసరాకు సెలవు లేక ఊరికి పోవడం లేదట, క్వార్టర్సులో ఒక్కతే ఉంటుందట. పండుగనాడు మా ఇంటికి వస్తుంది. బ్లాకు వారి వంటల పుస్తకంలో చెప్పిన ప్రకారం, బ్లాకు వారి కోడితో, ఆదర్శ పండుగ విందు నేను వండాలి. వండి, అందరి ఎదుట వడ్డిస్తూ ఎలా వండానో నోటితో చెప్పాలి. చెబితే 'అవును', లేకపోతే ఆమె ఏం చేయలేదు. కాగితం మరునాడే టపాలో పడాలి. "భయపడకు, వంట బాగా కుదిరితే మాటలవే వస్తాయి" అని జీపెక్కింది. జీపు ఇంజను ఆపించే అలవాటు ఆమెకు లేదు, ఊరంతా ఆమెతో ఆ చప్పుడులోనే మాట్లాడేది.

పుస్తకం ఇంటికి చేరిన సాయంత్రం నుంచి యుద్ధం మొదలైంది. అందులో ఒక బొమ్మ ఉంది. పళ్లెంలో కోడి మొత్తం, ముక్క కూడా చేయకుండా, వెల్లకిలా పడుకుని కాళ్లు పైకి పెట్టి ఉంది. చుట్టూ ఏవో కూరగాయలు. అవ్వ దాన్ని దీపం దగ్గర పట్టి చూసింది.

"గిదేందే? బాలింత బిడ్డకు నలుగు పెట్టెతందుకు పండవెట్టినట్టు పండవెట్టిండ్రు!"

"మొత్తం కోడిని అట్లనే కాలుస్తరు అవ్వా. పుస్తకంల ఉన్నది."

"పుస్తకం రాసినోనికి పండ్లు ఎన్నున్నయో అడుగు ముందు. పులుసు లేని కోడి ఏం కోడే? బువ్వల ఏం కలుపుకుంటరు, బొమ్మ కలుపుకుంటరా?"

అవ్వను ఒప్పించడానికి నాకు దొరికిన ఒకే ఒక ఆధారం అవ్వ ఆచారమే. దసరాకు మా ఇళ్లలో పనిముట్లన్నీ పూజలో పెడతాం. నాడెలు, గంజి కుంచె, కత్తెర, కత్తి, కత్తిపీట అన్నీ కడిగి బొట్లు పెట్టి మగ్గం ముందు పేర్చాలి. అందరిళ్లలో పూజ కాగానే తీసి వాడుకుంటారు. అవ్వ మాత్రం మరునాడు పొద్దున దాకా ఈనెపుల్ల కూడా కదపనిచ్చేది కాదు. ఏటా వాడకట్టంతా పంచుకునే మేక మాంసం పోగు ముక్కలుగానే ఇంటికి వచ్చేది గనక ఇబ్బంది లేదు. ఈ ఏడు కోడి. ముక్కలు ఎట్లా చేస్తావు?

"చూడవ్వా, మొత్తం కోడికి కత్తి పనే లేదు. మన పద్ధతి ఎరుకుండే రాసిండ్రు" అన్నాను.

అవ్వ దీపం వత్తి పెద్దది చేసింది. బొమ్మను మళ్లీ చూసింది. "నిజమేనేమో" అంది, చాలా అనుమానంగా.

పండుగ పొద్దున ముల్లా సాయిబు ఇంటి ముందు వాడకట్టంతా కోళ్లు పట్టుకుని బారులు తీరింది. ఆయన ఎవరి మొహమూ చూడకుండా "కోసుడు, కడుపు తీసుడు, గంతే నా పని! ముక్కలు మీ ఇంట్ల చేస్కోండ్రి!" అని అరుస్తూ పని కానిస్తున్నాడు. మా పుంజు వంతు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగింది. "ఎవరిదిరా గిది, ఇస్త్రీ చేసిన అంగి లెక్కున్నది?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నేల చూశాను. ఇంటికి తెచ్చి ఈకలు పీకి, జొన్న చొప్ప మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగాం. ఇక్కడిదాకా మా అవ్వకూ పుస్తకానికీ భేదం లేదు. తర్వాతి పంక్తి ఇది: 'పక్షి రెక్కలను, కాళ్లను దారముతో గట్టిగా కట్టవలెను.'

బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పండుగనాడు మగ్గం ముట్టకూడదు, కాబట్టి పొద్దుటి నుంచి ఆయన చేతులు ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. 'కట్టవలెను' అన్న మాట చెవిన పడగానే తల ఎత్తాడు.

"ఏం కట్టాలె?"

"కోడిని బాపూ. గట్టిగ కట్టాలెనట."

"ఎన్ని కట్లు?"

"అది రాయలే."

"ఎంత ఎడం? ఏ పువ్వు?"

"ఏం రాయలే బాపూ. గట్టిగ అని రాసిండ్రు."

బాపు పుస్తకం దిక్కు ఒకసారి చూశాడు. "రాయరు. చదివెటోళ్లకు కట్టుడు ఎరుకే అనుకుంటరు" అని లేచి, చేతులు కడుక్కుని, కోడిని ఒళ్లో పెట్టుకున్నాడు. మొదట అలవాటుగా సైకిలు ట్యూబు పట్టీ తీశాడు. అమ్మ లోపలి నుంచి "రబ్బరు కాల్తే ముక్కు పగుల్తది, నూలు తీస్కో" అంది. అవ్వ వెంటనే లేచింది. "పండుగ పూట కట్టు కడ్తవారా? అమ్మవారికి కోపమొస్తది!" బాపు తల ఎత్తకుండానే అన్నాడు: "నూలుకు గాదమ్మా, కోడికి."

శాస్త్రం నూలు సంగతే చెప్పింది. అవ్వ కూర్చుంది.

ఆ తర్వాత అరగంట బాపు కడుతూనే ఉన్నాడు. బాపు పనిలో ఉంటే మాట్లాడకూడదు. ముందు కాళ్లు, తర్వాత రెక్కలు, అంతవరకు పుస్తకం ప్రకారమే. ఆపైన చెయ్యి ఆగలేదు. రొమ్ము మీద నడిమికి గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి రెండు దిక్కులా వేలెడు వేలెడు ఎడంతో పేటలు పేటలుగా నూలు చుట్టి, అటు నుంచి ఏటవాలుగా, ఇటు నుంచి ఏటవాలుగా బిగించి, ముడులన్నీ ఒక వరుసలో పడేటట్టు కట్టాడు. చూస్తే అది కోడిలా లేదు, కొత్త పెళ్లికొడుకు తలపాగాలా ఉంది. నేను మురిసిపోయి, ఆ మీదట పుస్తకం చెప్పినట్టే మసాలా పట్టించాను. ఎర్రకారం, అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసాలు నూరి వెన్నలో కలిపి, కట్ల మీద నుంచే నిండుగా పూశాను. (కుంచెతో పూయమంది పుస్తకం. మా కుంచె పూజలో ఉంది. కోడి ఈకలే నాలుగు కడిగి కోడికే వెన్న పూశాం. అంతటి అవమానం ఏ పక్షికీ జరిగి ఉండదు.) కట్టిన చోట రంగు ఎక్కదన్న సంగతి మా ఇంట్లో నడక రాని పిల్లకు కూడా తెలుసు. ఆ పూట మా నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

కాల్చడానికి కిరసనాయిలు డబ్బాతో చేసిన పొయ్యి. మూడు రోజులు బూడిదతో తోమి ఎండబెట్టాం. అయినా దానికి తన పుట్టుక గుర్తుంది. డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, లోపల ఇనుప కడ్డీల మీద కోడిని పెట్టి, కింద నిప్పులు, పైన నిప్పులు వేసి, గంటా పావు పుస్తకం చేతిలో పట్టుకుని కాపలా కూర్చున్నాను. వాసన బాగానే వచ్చింది. అవ్వ ఆ గంటా పావూ మాట్లాడకుండా వెనక పొయ్యి దగ్గర ఏదో చేసుకుంటూ ఉంది. మెడ, కార్జం, కందనకాయ ముల్లా సాయిబు విడిగా ఇచ్చాడు కదా, వాటితో కుండలో పులుసు పెట్టింది, పక్కన గారెలు వేసింది. "ఎవరికవ్వా?" అంటే "నాకు పండ్లు లెవ్వు, బొమ్మ నమలలేను" అంది. ఆ కుండ ఒక్క ముసలమ్మ తినేంత చిన్నది కాదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి జీపు చప్పుడైంది. బ్లాకమ్మ పట్టుచీర కట్టుకుంది. అవ్వను చూసి చేతులు జోడించి "నమస్కారం మామ్మగారూ, పండగ బాగా జరుపుకుంటున్నారా?" అంది. అవ్వ నా దిక్కు తిరిగి, వినపడేటట్టే, "మామ్మ ఎవరే? నన్నేనా?" అని అడిగింది. బాపు తలుపు పక్కన నిలబడ్డాడు. అమ్మ చాప పరిచి ఇత్తడి పళ్లెంలో కోడిని పెట్టి తెచ్చింది. డబ్బా లోంచి అది నల్లని కట్ల మూటలా వచ్చింది. నేను గుంట దిక్కు చూశాను. అవ్వ ముందే గుంట మీద బల్ల వేసి, బల్ల మీద గారెల బుట్ట పెట్టి ఉంది.

"ఊఁ, చెప్పమ్మాయ్" అంది బ్లాకమ్మ, రిజిస్టరు తెరిచి, దరఖాస్తు కాగితం పక్కన పెట్టి. "మొదట ఏం చేశావు?"

చెవుల్లో జీపు ఇంజనే మోగుతోంది. పెదవులు కదిలాయి, మాట లేదు. బ్లాకమ్మ కలం మూత తీసింది. బాపు నేల చూస్తున్నాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు జ్ఞాపకమే. అమ్మే అంది, "మాట తర్వాత, ముందు కట్లు విప్పు బిడ్డా. చల్లారితే ఊడిరావు."

కత్తెర పూజలో ఉంది. కత్తెరతో నాకు పని కూడా లేదు. పళ్లెం ముందు కూర్చుని, గోటితో మొదటి ముడి చివర దొరకబట్టి లాగాను. ఊడింది. రెండోది. వేళ్లకు తమ పని తెలుసు, నన్నడగలేదు. నాలుగో ముడి దగ్గర బ్లాకమ్మ, సాయం చేద్దామనే కాబోలు, తేలిక ప్రశ్న ఒకటి వేసింది: "మరి ఇంట్లో వంటంతా పొగ రాని పొయ్యి మీదే చేస్తున్నారు కదూ?"

"లేదమ్మా, దాంట్ల మా నాటు కోడి పొదుగుతాంది" అన్నాను.

అన్నది నేనేనని నాకు వెంటనే తెలియలేదు. ముడి విప్పుతున్నాను కదా.

"అదేవిటి? పొగ రావట్లేదు కదా?"

"పొగ నిజంగనే రాదమ్మా. మంట గూడ రాదు. ఊదుడు శాతగాక మూడో ఇంటి పెద్దమ్మ దాంట్ల ఉల్లిగడ్డలు పోసింది, మేం కోడిని పెట్టినం. కోడికి మంచిగున్నది, గాలి రాదు."

బయట జీపు ఇంజను ఆగింది. డ్రైవరు తొంగి చూస్తున్నాడు.

"పాలపొడి?" అంది బ్లాకమ్మ.

"దాన్ని నూలుకు గంజి పెట్టిండ్రమ్మా. మా వాడకట్టుల మొదలు ఎవరు పెట్టిండ్రో చెప్పను గని, బియ్యం గంజి కన్న మంచిగ పట్టింది. బాపు గూడ పెడ్దామనుకున్నడు. రెండో దినం ఎలుకలొచ్చి పడుగంత కొరికినయ్. అప్పటిసంది పిల్లలకే తాగిస్తున్నరు."

"ఓ పిల్లా!" అంది అవ్వ. నాకు వినపడలేదు. పేట విడివడుతోంది, చేతికి మసాలా మోచేతి దాకా అంటింది.

"మహిళా మండలిలో ముప్పై మంది ఉన్నారు, సంతకాలు కూడా ఉన్నాయి" అంది బ్లాకమ్మ, గొంతు కొంచెం తగ్గించి.

"అండ్ల మా అవ్వ రెండుసార్లున్నదమ్మా. ఓసారి పేరుతోటి, ఓసారి ఇంటిపేరుతోటి. ఏలుముద్ర ఒక్కటే."

"అమ్మాయ్, నా గురించి ఏవనుకుంటారు మీ వాళ్లు?"

ఇది అడగకుండా ఉండవలసిన ప్రశ్న. కట్లు విప్పేవాళ్లను అసలే అడగకూడదు.

"మంచోళ్లే అంటరమ్మా. ఒక్కతే గంత దూరంకెల్లొచ్చి తిరుగుతాందని పావురంగనే, జాలిపడే అంటరు. కాకపోతే అడుగుతది గని చెప్పేదాక ఆగది అంటరు. 'అంతా బావుందా' అని జీపుల కూసునే అడిగితె బాగలేదని ఎట్ల చెప్తరు, ఇంజను మోతకు ఇనవడదు గద. బాగనే ఉన్నదని చెయ్యి ఊపుతరు. మీరు రాస్కుంటరు."

బ్లాకమ్మ ఏదో అనబోయి, ఆగింది. ఆగి, కూర్చుంది. ఇంకా ఏమైనా ఉందేమోనని ఎదురు చూస్తున్నట్టు కూర్చుంది. అంతలో చివరి పేట నా చేతిలోకి ఊడి వచ్చింది. కట్లు అయిపోయాయి. దాంతో మాటలూ అయిపోయాయి. అప్పుడు నాకు నేను అన్నదంతా ఒక్కసారిగా వినపడింది, ఎవరో పక్కింట్లోంచి చదివి వినిపించినట్టు.

ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ పళ్లెంలోకి చూస్తున్నారు.

కోడి రొమ్ము మీద నడిమికి ఒక తెల్లని నలుచదరపు చౌకం, దాని చుట్టూ ఎర్రని చౌకం, దాని చుట్టూ మళ్లీ తెల్లది. రెక్కల మీద అడ్డ గీతలు, తొడల మీద మెట్లు మెట్లుగా అంచు. కట్టని చోట మసాలా ఎర్రగా కాలి పట్టింది, కట్టిన చోట తెల్లగా ఆరేసిన నూలులా మిగిలింది. బాపు నెమ్మదిగా దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఆఫీసరమ్మ ఉన్న సంగతే మరిచిపోయాడు.

"ఎడమ దిక్కు అంచు జరిగింది" అన్నాడు. "పక్షి ఒళ్లు సమంగ లేదు. నా కట్టు తప్పు గాదు."

"ఇదేవిటండీ, కోడి మీద డిజైనూ?" అంది బ్లాకమ్మ.

ఇంతసేపూ నన్ను చంపుదామని చూస్తున్న అవ్వ, బయటి మనిషి మా కోడికి వంక పెట్టేసరికి నా దిక్కు వచ్చేసింది. "చిటికోళ్లింటికొచ్చినవ్ బిడ్డా, సాదా కోడి యాడ దొరుకుతది?"

బ్లాకమ్మ కళ్లద్దాలు సర్దుకుని, ఆ మాట రిజిస్టరులో రాసుకుంది. (చేనేత కుటుంబాల పండుగ వంటలో ఇది తరతరాల ఆచారమని తర్వాత బ్లాకు ఆఫీసు గోడ మీద బొమ్మతో సహా పెట్టారని విన్నాను. బొమ్మలో అంచు సరిగ్గా ఉందట.)

ఇక తినాలి. "కత్తి తెండమ్మా" అంది బ్లాకమ్మ.

"కత్తి పూజల ఉన్నది" అంది అవ్వ.

"ఒక్క నిమిషం తీసి మళ్లీ పెట్టేద్దాం మామ్మగారూ."

"నీ దస్కతు ఉంటె దేవుడు ఒప్పుకుంటడా?"

బ్లాకమ్మ కాలు పట్టి లాగింది. కాలు రాలేదు. బాపు పట్టి లాగాడు, పళ్లెం వచ్చింది. చివరికి కీలు దగ్గర విడివడితే లోపల గులాబీ రంగు కనిపించింది. ఆ రంగు మా వాడకట్టులో పావడాలకు వేస్తారు, కోళ్లకు వేయరు. అవ్వ లేచింది. కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులతో ఆ కోడిని పువ్వుతో సహా చించి, వెనక పొయ్యి మీద ఉడుకుతున్న పులుసు కుండలో వేసి మూత పెట్టింది. అరగంటకు మేమందరం వరి బువ్వలో ఆ పులుసు కలుపుకుని, గారెలు ముంచుకుని తిన్నాం. బ్లాకమ్మ మూడుసార్లు పులుసు పోయించుకుంది. మూడోసారి "మా అమ్మ కూడా ఇలాగే..." అని మొదలుపెట్టి, మాట పూర్తి చేయకుండా గారె విరిచింది. అవ్వ అడగకుండానే ఇంకో గంటె పోసింది. డ్రైవరును కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఆయన నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నాడు.

చేతులు కడుక్కుని బ్లాకమ్మ దరఖాస్తు కాగితం ముందర పెట్టుకుంది. నా వేళ్లకు విప్పడానికి ఏమీ లేదు, నాకు నోరూ లేదు. ఆమె చాలాసేపు రాసింది. ఒక మాటకు అంతసేపు పట్టదు. కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి, వెళ్లి జీపెక్కింది. జీపు మా ఇల్లు దాటి మూడో ఇంటి ముందు ఆగింది. ఇంజను కూడా ఆగింది. ఆ ఇల్లు ఉల్లిగడ్డలు పోసుకున్న పెద్దమ్మది.

కాగితం విప్పాను. గడిలో 'అవును' అని ఉంది. దాని కింద, గడి దాటి బయటికి, గుండ్రని అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: 'శిక్షణలో కొంత తగ్గించవలెను.'

"ఏం రాసిందే?" అన్నాడు బాపు.

"అవునని రాసింది."

"ఒక్క మాటనా? కింద గంత పొడుగున్నది?"

"మంచిగ మాట్లాడుతదని రాసింది" అన్నాను. కాగితం మీద లేనిది ఉన్నట్టు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.

పట్నంలో మొదటి రోజు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరూ తమ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా వంతు వచ్చింది. నిలబడ్డాను. చేతులు కట్టుకుని, నోరు తెరిచి, మూసి, కూర్చున్నాను. వార్డెనమ్మ నా దరఖాస్తు తీసి కింది వాక్యం చదివి, నన్ను చూసి, మళ్లీ చదివింది. శిక్షణ ఇంత తొందరగా ఫలించడం ఆమె సర్వీసులో ఎన్నడూ చూసి ఉండదు. పుస్తకాల గది మాత్రం చిన్న అక్షరాల్లో రాసినట్టే నిజంగా ఉంది. రెండు బీరువాలు. ఒకదానికి తాళం పోయింది. అంటే తాళంచెవి కాదు, తాళమే పోయింది, కాబట్టి ఎప్పుడైనా తెరుచుకునేది. ఆరు నెలల్లో ఆ బీరువా అంతా చదివాను.

ఇప్పుడు నేను నలభై మంది పిల్లల ముందు అరిచి పాఠం చెప్పే పంతులమ్మను. పిల్లల ముందు బాగానే అరుస్తాను. పై ఆఫీసరు ఎవరైనా వచ్చి "అంతా బాగుందా అమ్మా?" అంటే మాత్రం, పైకప్పు కారుతున్నా, పలకలు రాకపోయినా, చెయ్యి ఊపి బాగానే ఉందంటాను. వాళ్లు రాసుకుంటారు. ఆ తర్వాత ఇంటికి పోయే దారిలో, పద్దెనిమిదేళ్ల ఆ పిల్ల ఇత్తడి పళ్లెం ముందు మఠం వేసుకుని, మోచేతుల దాకా మసాలాతో, తల ఎత్తకుండా ఉన్నదున్నట్టు చెప్పుకుపోతూ కనిపిస్తుంది. ఎంత బాగా మాట్లాడుతుందో! పక్కకు వెళ్లి కూర్చుని ఒక్కసారి పలకరిద్దామనిపిస్తుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక, కాస్త దూరంగానే నిలబడి, నవ్వుకుని, ఇంటి దారి పడతాను.